రెగెటాన్, మా తాత కుర్చీ

మా ముత్తాత పోచంపల్లి వైపు నలభై మగ్గాలకు నూలు పంచిన షావుకారు. మా తాత చేతులున్న టేకు కుర్చీలో కూర్చుని ఊరి తగాదాలు తీర్చేవాడు. ఆయన ఎదుట ఇంకెవరూ కూర్చునేవారు కాదు. మా ఇంటి ఆడవాళ్లు భర్తలను కోపంలో కూడా మీరు అనే అనేవారు. నా వంతు వచ్చేసరికి మగ్గాలు పోయాయి, మిద్దె పోయింది. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంకొకరి దుకాణంలో చీరలు విప్పి చూపించాను, నడుం మాత్రం నిటారుగా ఉంచి. ఎల్బీనగర్‌లో మా కిరాయి ఇంట్లో సగం హాలు ఆ కుర్చీదే.

నిన్న మెట్రో మెట్ల కింద సెల్‌ఫోన్ కవర్లు అమ్మే బండి మీద ఒక పాట మోగింది. దుమ్, తదుమ్ త. మాటలు స్పానిష్, ఒక్కటీ తెలియదు. నా కుడి భుజం దానంతటదే కదిలింది. చుట్టూ చూశాను; తెలిసినవాళ్లెవరూ లేరు.

ఆ దరువు మా ఇంటికి ఆరేళ్ల కిందట వచ్చింది. షుగరుందని డాక్టరు నడవమంటే, నడక విసుగని మా ఆవిడ టిఫిన్ సెంటర్ పైనున్న డాన్సు క్లాసులో చేరింది. ఆ డాన్సు పేరు రెగెటాన్ అని ఆమె చెబితే కొత్త మాత్ర పేరులా ఉందనుకున్నాను. నెలాఖరున జంటల రోజు. జత లేనివాళ్లు కూర్చుని చూడాల్సిందే. "జర ఒస్తరా?" అని ఒక్కసారే అడిగింది. మా ఇంట్లో మగవాళ్లు ఎగరరని చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. మా పెళ్లి బరాత్‌లో అందరూ ఎగురుతుంటే నేను కారు దిగనప్పుడూ ఏమీ అనలేదు. ఈ రెండో మౌనమే నన్ను ఆ మెట్లెక్కించింది.

నేర్పేది గుంటూరు అమ్మాయి. "ఆంటీ రమ్మంటారు, మీరు దగ్గరికెళ్లగానే తప్పుకుంటారు. అంతేనండీ, ఆట! నడుం కాస్త వదలండి అంకుల్, ఎవరూ ఎత్తుకుపోరు" అంది. అందరూ నవ్వారు. నేను బిగుసుకుపోయాను. మా ఆవిడ నా చుట్టూ తిరిగి, భుజంతో భుజం తాకించి, రెండడుగులు జరిగి, చెమటకు చెదిరిన బొట్టుతో వెనక్కి చూసింది.

"ఏంది, గట్ల దర్వాజ లెక్క నిలబడ్డవ్? దమ్ముంటే పట్టుకో!"

నిలబడ్డవ్. ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో మొదటిసారి నన్ను నువ్వు అంది. కోపం రావాలి. రాలేదు. చెవులు వేడెక్కాయి. నడుం ఎప్పుడు కదిలిందో తెలియదు. పట్టుకోబోయాను, నవ్వుతూ తప్పుకుంది.

ఇంటికి రాగానే మళ్లీ "చాయ్ తాగుతరా?" ఆ నువ్వు ఇంకోసారి వినాలంటే పాట పెట్టాలి. పెట్టాను. రెండో అడుగుకే ఆమె మోకాలు కుర్చీకి తగిలింది. మా పరువు నిలబడటానికి మూడు తరాలు పట్టింది, నేను నువ్వు అనిపించుకోవడానికి ముప్పై ఒక్క ఏళ్లు. ముందున్నవి ఎన్నో ఎవరికి తెలుసు?

ఆ ఆదివారం కుర్చీని మూసారాంబాగ్‌లో పాత సామాన్ల దుకాణానికి అమ్మేశాను.