పద్దెనిమిది మంది నాయకులు, ఒక్క శిరీష

ఇరవై నాలుగేళ్ల ఉద్యోగంలో సిద్దిరాములు సారు ఎవరికీ "కాదు" అని చెప్పిన దాఖలా లేదు. బోధన్ దగ్గరి ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాలకు ఆయన హెడ్‌మాస్టరు. ఎన్నికలప్పుడు మూడు పార్టీల వాళ్లూ ఆయన ఓటు తమకే పడిందని నమ్మేవారు. ముగ్గురికీ మాటిచ్చింది ఆయనే మరి.

అటువంటి మహానుభావుడికి పైనుంచి ఉత్తర్వు వచ్చింది. తోటి పిల్లలకు దారి చూపగల విద్యార్థిని బాల నాయకత్వ శిక్షణకు ఎంపిక చేసి పంపాలి. ఒక్కరినే. "ఒక్కరినే" కింద గీత కూడా ఉంది.

మర్నాడు పొద్దున్నే గ్రామాభివృద్ధి కమిటీ పెద్ద ముత్తన్న వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"సారూ, మా మనుమడు ప్రేమ్ పేరు రాసిండ్రా?"

"రాస్తున్న ముత్తన్నా."

ఆయన లేవకముందే పాలు పోసే విమలమ్మ గుమ్మంలో నిలబడింది. "మా సుమనను మర్సిపోకుండ్రి సారూ."

"అయ్యో, ఎట్ల మర్చిపోత అవ్వా!"

సాయంత్రానికి బడిలోని పంతొమ్మిది మందిలో పద్దెనిమిది మంది నాయకులైపోయారు. మిగిలింది ఐదో తరగతి శిరీష. వాళ్లమ్మ భూమవ్వ పసుపు కొమ్ములు ఏరే కూలికి పోతూ, సిఫారసు చేసుకునేంత బాధ్యత చూపలేదు.

జాబితా అందగానే పై అధికారి రాజేందర్ నిజామాబాద్ నుంచి దిగాడు. పద్దెనిమిది చొక్కాల మీద సారు పెట్టించిన పద్దెనిమిది నాయకుల రిబ్బన్లు మెరుస్తున్నాయి.

"వీళ్లంతా నాయకులైతే వెనుక నడిచేదెవరండీ?"

సిద్దిరాములు సారు ఎంతో గంభీరంగా శిరీషను చూపించాడు.

అంతలో చెరకు ట్రాక్టరు బడి మూల మలుపులో నెమ్మదించింది. నాయకత్వం యావత్తూ గేటు దాటి, గడలు గుంజడానికి దాని వెంట పడింది. రాజేందర్ ఈల వేశాడు. సిద్దిరాములు సారు "నాయనా, బంగారూ" అని బతిమాలాడు. ఫలితం లేదు. శిరీష పరుగెత్తి ట్రాక్టరుకు అడ్డం నిలబడింది.

"ఏయ్ ప్రేమ్, టైరు కింద పడి సస్తవా? ఇడువు గడ! అన్నం సల్లారుతున్నది, అందరు లైన్ల నడువుండ్రి!"

డ్రైవరు బ్రేకు వేశాడు. పద్దెనిమిది రిబ్బన్లు వరుసకట్టి లోపలికొచ్చాయి. ప్రేమ్ చేతిలో గడ మాత్రం వీపు వెనక్కి చేరింది.

"సాయంత్రంలోగా ఒక్క పేరు పంపండి," అని రాజేందర్ వెళ్లిపోయాడు. ఎవరి పేరో చెప్పలేదు. చెప్పి ఉంటే సిద్దిరాములు సారు ఆ నెపం ఆయన మీద వేసి ఊపిరి పీల్చుకునేవాడు.

బడి వదిలే వేళకు ముత్తన్న మళ్లీ వచ్చాడు. "మావోని పేరు పోయింది గదా సారూ?"

సారు కళ్లద్దాలు తుడిచాడు. తుడిచినవే మళ్లీ తుడిచాడు.

"శిరీష పేరు పంపిన ముత్తన్నా."

"భూమవ్వ బిడ్డనా? సరే తీయ్, గిప్పుడు మార్సి ప్రేమ్‌ది రాయుండ్రి."

సారు గది నలుమూలలా చూశాడు. ఆదుకునేవారు కనబడలేదు.

"కాదు ముత్తన్నా. మార్చ."

ముత్తన్నకు కోపం రాలేదు. లేచి దగ్గరికొచ్చి సారు నుదుటి మీద చెయ్యి పెట్టాడు.

"పానం మంచిగ లేదా సారూ? దవఖానకు పోదామా?"