అవ్వ కుండలోని ఈస్టు

ఇరవై రెండేళ్ళుగా నేను మోస్తున్న బరువు చిటికెన వేలంత గాజు గొట్టం. నవ్వకండి. కిరండూల్ నుంచి ఇనుప రాయి లాక్కెళ్ళే రైలుకు మూడు ఇంజన్లు కడతారు. ఈ గొట్టాన్ని నా గుండె మీంచి లాగాలంటే ఆరు కట్టాలి. ఇంట్లో చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

బస్తర్‌లోని జగదల్‌పూర్‌లో మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ చదివే రోజులు. మా నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి కిరండూల్ లైనులో రైల్వే ఉద్యోగంలో చేరినవాడు. మా క్వార్టర్ల మీద ఎర్ర దుమ్ము ఎంత పడేదంటే, పదేళ్ళు వచ్చేదాకా కాకులు ఎర్రగా ఉంటాయనుకున్నాను. క్లాసులో తెలుగు వచ్చినవాళ్ళం ఇద్దరమే. రెండో మనిషి భీమె, కొంటా దగ్గరి దోర్లా తెగ అమ్మాయి. నన్ను రైలుబాబు అనేది. లోకంతో హిందీ, హల్బీ; మాలో మేము తెలుగు. అదీ రెండు తెలుగులు. ఆమెది ‘ఏంది’, నాది ‘ఏటి’.

భీమె ప్రాజెక్టు వాళ్ళ అవ్వ కుండ. అవ్వ అంటే నానమ్మ. బియ్యప్పిండి పులియబెట్టి లందా చేసేది, పండగ వస్తే ఊరంతా తాగే పుల్లటి పానీయం. పాలకు తోడు వేసినట్టు, పాత కుండలోంచి దోసెడు తీసి కొత్త కుండలో కలిపేది. ఆ తోడు ఆవిడకు వాళ్ళ అత్త ఇచ్చిందట. ఆ లందాలోంచి భీమె ఒక ఈస్టును వేరుచేసి మూడు గాజు గొట్టాల్లో పెంచింది. పదిహేను రోజులకోసారి కొత్త గొట్టాల్లోకి మార్చేది, పసిపిల్లకు బట్టలు మార్చినంత శ్రద్ధగా.

డిసెంబరులో అవ్వ పోయింది. కబురు రాగానే భీమె గొట్టాలు నాకు అప్పగించి బస్సెక్కింది.

ఇక్కడ నా నాలుక రంగంలోకి దిగుతుంది. బస్తర్ చలికి హాస్టల్లో ఇడ్లీ పిండి పులవదు. మూడు రోజులు మూత పెట్టి ఉంచినా గిన్నెలో సిమెంటులా కూర్చునేది. లాబ్‌లో ఇంక్యుబేటర్ ఉంది, సూక్ష్మజీవుల్ని వెచ్చగా పెంచే పెట్టె. లోపల ఎప్పుడూ విశాఖపట్నం వేసవే. శనివారం దాని పై అరలో పిండి గిన్నె పెట్టాను. సోమవారం పొద్దున తలుపు తీస్తే సముద్రం. పిండి పొంగి, కింది అరలోని గొట్టాల దూది మూతల్లోకి ఇంకి, లోపలికి కారింది. అరగంటలో మా ప్రాజెక్టులు చూసే సారు వస్తారు.

నేనేం చేశాను? మూడు గొట్టాలూ తీసి ఆటోక్లేవ్‌లో వేసి మూత బిగించాను. అది ఆవిరితో సమస్త క్రిమినీ చంపే మా పెద్ద ప్రెషర్ కుక్కర్.

తెలియక చేశానా? ఇక్కడే నన్ను నేను పట్టుకోవాలి. చెడిన గొట్టంలోంచి సూది మొనంత తీసి జెల్లీ పోసిన గాజు ప్లేటు మీద గీస్తే, పిండి బాక్టీరియా ఒకచోట, ఈస్టు ఒకచోట విడివిడిగా మొలుస్తాయి. ఈస్టు బతికేది. ఆ ప్రాక్టికల్లో క్లాసు మొత్తానికీ మొదటి మార్కు నాదే. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు ఎందుకు దొరకలేదు? సారు ముందు ఇడ్లీ దొంగగా నిలబడటం ఇష్టం లేక. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని చాలాసార్లు వెతికాను. లేదు.

మధ్యాహ్నం బజారు బేకరీలో గోరంత ఈస్టు అడిగి తెచ్చి, మూడు కొత్త గొట్టాల్లో పెంచాను. భీమె చేతిరాతలోనే లేబుళ్ళు రాశాను. అవ్వ ఒకటి, అవ్వ రెండు, అవ్వ మూడు.

పది రోజులకు ఆమె తిరిగొచ్చింది. సంచి కూడా దించకుండా గొట్టాలు అడిగింది.

“పోయినోళ్ళ కుండ ఇంట్ల ఉంచరు రైలుబాబు. పగలగొట్టిన్రు. ఇగ మిగిలింది ఇదే,” అంటూ దూది తీసి వాసన చూసింది. “ఏంది, వాసన మారింది?”

“ఏటీ లేదు. చలి కదా,” అన్నాను.

మళ్ళీ చూసింది. చాలాసేపు చూసింది. “అవ్వ పోయిందని ఇదీ అలిగినట్టుంది,” అంది. తర్వాత నా వైపు తిరిగి, “సావకుండ సూసుకున్నవ్ గదా. మా సొంత అన్న గూడ ఇంత సెయ్యడు,” అంది.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఆ క్షణం ఎంత వెడల్పుగా ఉందంటే అందులోంచి గూడ్సు బండి పోయేది. నేను మాత్రం దూది మూత సరిచేస్తూ నిలబడ్డాను.

ప్రాజెక్టు బ్రహ్మాండంగా వచ్చింది. అడవి కుండలో ఇంత చురుకైన ఈస్టా అని సారు మురిసిపోయారు. చురుకు ఉండదా మరి, తాతల నాటి నుంచి రొట్టెలు పొంగించిన వంశం.

భీమె ఇప్పుడు సుక్మాలో సైన్సు టీచరు. ఆ ఈస్టును ఇవాళ్టికీ సాకుతోంది. పండగకు కుండలో కలుపుతుంది. కూతురికి కలపడం నేర్పింది. ఓసారి బచేలీలో మా ఇంటికొచ్చి, “రెండు జాగల ఉంటె భయముండది,” అని ఒక గొట్టం నా చేతిలోనే పెట్టింది. అప్పటి నుంచి నేనూ నెలకోసారి స్పిరిట్ దీపం వెలిగించి కొత్త గొట్టంలోకి మారుస్తున్నాను. దేవుడి గదిలో ఎన్నడైనా ఇంత భక్తిగా నిలబడ్డారా అంటుంది మా ఆవిడ. చావనిస్తే ఏం పోతుంది? అది అవ్వ కాదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కదా. కానీ భీమె ఇన్నేళ్ళు ప్రేమించింది దాన్నే. అవ్వ పేరున్నదాన్ని రెండోసారి చంపే ధైర్యం నాకు లేదు.

పోయినేడు కొత్త పంట ఇంటికొచ్చాక చేసే కొత్తల పండగకు వెళ్తే ఆకు దొన్నెలో లందా పోసిచ్చింది. “తాగు. అవ్వదే,” అంది. తాగాను. బాగుంది. బాగుండకపోతే ఆరోజే చెప్పేసేవాణ్ణేమో.

భీమెకు తెలుగు చదవడం వచ్చు. ఇది ఆమె కంటపడితే రెండో పేరా దాటకముందే నన్ను పట్టేస్తుంది. అందుకే భయపడుతూ రాస్తున్నాను, అందుకే రాస్తున్నాను కూడా. భీమే, మీ అవ్వ ఈస్టును నేను చంపేశాను. నీ దగ్గరున్నది బజారు బేకరీది. 

రాసేశాక నా ఊపిరి కొంచెం తేలికగా ఆడుతోంది. ఆమె ఊపిరి ఇకమీదట ఎలా ఆడుతుందో నాకు తెలియదు.