మామకు మొదట కనపడింది

బంగారు గని మూసేసినాక మా పక్కింటి మామకు పనితో పాటు చూపు కూడా పోయినాది. రేచీకటిగా మొదలై చివరికి రెండు కళ్లూ ఆరిపోయినాయి. కోపం మాత్రం మిగిలింది. అన్నం ఆలస్యమైతే, అత్త గొంతు వినిపించిన దిక్కుకు చేతిలోని చెంబు విసిరేవాడు. అత్త మాట్లాడేసి, చప్పుడు కాకుండా పక్కకు జరిగేది. చెంబు గోడకు తగిలేది.

"తగిల్నాదా?" అని అడిగేవాడు.

"తగిల్నాదిలే, ఇంగ తిను" అనేది. అంతటితో చల్లబడేవాడు.

బెంగళూరు ఆసుపత్రిలో గుడ్డివాళ్ల కంట్లో చిప్పు పెట్టి పరీక్ష చేస్తా ఉండారని విని, మారికుప్పం రైల్లో ఆయన చెయ్యి పట్టుకుని తిప్పింది అత్తే. ఆపరేషన్ చేసి, కెమెరా ఉండే కళ్లద్దాలు ఇచ్చి పంపినారు. మొహాలు తెలియవు, వెలుతురులో కదిలే నీడ తెలుస్తుంది అన్నారు.

ఆ వారమే, వాకిలి వెలుతురులో నిలబడిన అత్త ఎప్పటిలా మాట్లాడి పక్కకు జరిగింది. చెంబు సరిగ్గా నుదుటికి తగిలినాది. మామ ఈసారి ఏమీ అడగలేదు. నవ్వినాడు.

మళ్లీ పరీక్షకు పోయినప్పుడు నేనూ తోడు పోయినాను.

"మొదట ఏం కనపడిందప్పా?" అని అడిగింది డాక్టరమ్మ.

"నా పెండ్లాము" అన్నాడు మామ.

డాక్టరమ్మకు కళ్లలో నీళ్లు తిరిగినాయి. అత్త చెయ్యి పట్టుకుని, "నువ్వు పడిన కష్టం ఊరికే పోలేదమ్మా" అనింది.

అత్త తల వంచుకుని, కొంగును నుదుటి మీదికి ఇంకొంచెం లాక్కునింది.