జెండాల అవతలి గుడ్లు

ప్రమోదకు కోపం ముక్కు మీదే ఉంటుందని మధురానగర్‌లో ఆమె దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్లందరికీ తెలుసు. కానీ తమ్ముడు కమలాకర్‌ను మాత్రం ఎన్నడూ ఒక్క మాట అనలేదు. సిరిసిల్లలో మగ్గం మూలపడ్డాక వాణ్ణి వెంటబెట్టుకొని నగరానికొచ్చి, మిషన్ తొక్కి చదివించింది.

ఆ చదువుతో వాడు ఉద్యోగం చూసుకోలేదు. అమీర్‌పేట హాస్టళ్ల పిల్లలను టూర్లకు తిప్పుతూ వీడియోలు పెడుతుంటాడు. ఈ వేసవిలో సముద్రపు పిట్టలు గుడ్లు పెట్టే చోట నడక పెట్టుకున్నాడు. అక్కను కూడా రమ్మన్నాడు. ఆమె అప్పటిదాకా సముద్రం చూడలేదు. పంజాగుట్టలో పిల్లలతో కలిసి బస్సెక్కి, కోస్తాలో ఒక పల్లె దగ్గర దిగారు.

సరుగుడు తోటలోంచి ఇసుక బాట. కొంచెం దూరమే. చివర ఎర్రజెండాలు పాతి ఉన్నాయి. వాటి అవతల వట్టి ఇసుకలో, ఇసుక రంగులోనే గుడ్లు. గుడ్లను కాసే కాపలాదారు వేలితో చూపిస్తేగానీ ప్రమోదకు కనబడలేదు. నల్లటోపీ పెట్టుకున్నట్టున్న తెల్లపిట్ట ఒకటి, నోరు తెరిచి రొప్పుతూ గుడ్ల మీద నీడపట్టి నిలబడింది.

"జెండాలు దాటకండమ్మా. తల్లి లేచిందంటే ఈ ఎండకి గుడ్డు ఉడికిపోద్ది," అని చెప్పి, అతను కుక్కలను తరమడానికి అటు చివరకు వెళ్లాడు.

అతను అటు తిరిగాడో లేదో కమలాకర్ ఫోన్ తీశాడు. పిట్టలన్నీ ఒక్కసారే లేస్తే వీడియో మస్తుగుంటదని పిల్లలను లోపలికి ఉరికించాడు. వద్దురా అని ప్రమోద అరుస్తూనే ఉంది. ఆకాశమంతా తెల్లటి రెక్కలు, అరుపులు. వెనక్కి నడుస్తూ తీస్తున్న కమలాకర్ బూటు కింద గుడ్డు చిట్లి, సొన ఇసుకలోకి పాకింది.

"గవి పిట్టలేనక్కా. మల్ల పెడ్తయ్," అని నవ్వాడు.

ప్రమోద చెప్పులు చేతబట్టుకొని కాపలాదారు దగ్గరికి గబగబా నడిచింది. "వాడే తొక్కిండు. నా తమ్ముడే," అని చూపించింది.

ఫారెస్టు వాళ్లొచ్చి కేసు రాశారు. తిరుగు ప్రయాణంలో బస్సులో పిల్లలెవరూ ఆమెతో మాట్లాడలేదు. సొంత అక్కవై పట్టిస్తివా అని కమలాకర్ అడిగితే, మళ్లీ తొక్కితే మళ్లీ పట్టిస్తానంది.

వీడియో అప్పటికే పెట్టేశాడు. జనం ఎగబడి చూశారు. పిట్టలు ఎంత అందంగా లేచాయో అని కుట్టు షాపుకొచ్చినవాళ్లు మెచ్చుకుంటుంటే ప్రమోదకు మండిపోయేది. మిషన్ ఆపి, అవి ఎందుకు లేచాయో ప్రతి ఒక్కరికీ చెప్పింది. అది విన్న యశస్విని అనే హాస్టల్ పిల్ల ఆ సంగతంతా వీడియో కిందే రాసింది. తిట్లు మొదలయ్యాయి. టూర్లకు వచ్చేవాళ్లు తగ్గారు.

కమలాకర్ షాపుకొచ్చాడు. వీడియో తీసేశానని, ఇంక పగ చాలించమని అన్నాడు. తప్పయిందని కూడా అన్నాడు.

"నాకెందుకు చెప్తవ్? పోయి గా గుడ్లు కాసేటాయనకు చెప్పు."

వాడు ఒక్కడే ఆ తీరానికి వెళ్లాడు. అక్కడినుంచే ఫోన్ చేశాడు. వాళ్లు ఉరికిన వైపు పిట్టలు మళ్లీ వాలలేదని కాపలాదారు చెప్పాడట. చెబుతూ ఏడ్చేశాడు. ప్రమోద ఓదార్చలేదు. ఫోన్ పెట్టేసి, దారం తెగేదాకా మిషన్ తొక్కింది.