చంద్రభాగ బుగ్గల పేషీ

మరాఠీ గడ్డ మీద మా తెలుగు నేతగాళ్ల బస్తీ నీలం నగర్ల, మగ్గం మీద చాదర్‌కు, అదే దుప్పటికి, కొత్త డిజైన్ ఏది ఎక్కించినా ముందు నాకే చూపిస్తరు. ఊరి బడిల ఐదో తరగతి చదివినోన్నే గని, తెలుగు, మరాఠీ, హిందీ మూడిట్ల అర్జీ రాస్త. మా నేతగాళ్ల సంఘానికి పెద్దమనిషిగ ఉన్న. ఇందరు వినే నా మాట, తోడబుట్టిన చెల్లె చంద్రభాగ ఒక్కతే వినకపోయేది.

చెల్లె బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్ల బీడీలు చుట్టేది. పొద్దుగాల్నే మిశ్రీ, అదే కాల్చిన తమాకు పొడి, పండ్లకు రుద్దుకొని కండ్లు మూసుకునేది. "అన్నా, గా ఘడియల నేను మబ్బుల మీద ఉంట" అనేది.

తొంభై మూడుల ఆమె బుగ్గ లోపట తెల్లమచ్చ లేసింది. దవాఖానకు నేనే తోల్కపోయిన. నిర్మల డాక్టరమ్మ పిన్ని వరస కలిపి మరాఠీల చెప్పింది: "మావశీ, నీ బుగ్గల పేషీకి పేషీకి కొట్లాట నడుస్తున్నది. ఇంకా కేన్సర్ కాలేదు. మచ్చ కోసి తియ్యాలె, మిశ్రీ బంద్ చెయ్యాలె."

చెల్లె లేసి నిలవడ్డది. "పేషీలు నాకొద్దు. మా ఆయన మగ్గం జాగ కోసం కోర్టు పేషీలు తిరిగీ తిరిగీ పోయిండు. తారీఖులే గని ఫైస్లా రాలే."

చెప్పులేసుకొని నడిచింది. అశోక్ చౌక్ల అందుకున్న.

"పిచ్చిదానా, మరాఠీల పేషీ అంటే కణం. ఒళ్లంత గవే."

"గవెందుకు కొట్లాడుతయి?"

మళ్ల తోల్కపోయి డాక్టరమ్మనే అడిగిచ్చిన.

"జాగ కోసం. ఒకటి చెడితే పక్కన ఉన్న మంచివి దాన్ని ఒత్తి బయటికి తోస్తయి. రోజూ తమాకు తగిలితే మంచివి నీరసపడొచ్చు. అప్పుడు చెడ్డదే వాటిని తోసి జాగ పట్టుకుంటది. చిన్న ఈగలల్ల ఈ పోటీ చూసిండ్రు, మనుషుల సంగతి ఇంకా తేలుస్తున్నరు."

చెల్లె బుగ్గకు చెయ్యి ఆనిచ్చి, లోపట ఎవరో మాట్లాడుతుంటే విన్నట్టు కూసున్నది.

"నేను పండుకున్నా అవి కావలి కాస్తయా?"

"కాస్తయి."

"పొద్దుగాల లేసి నేనే వాటి కండ్లల్ల తమాకు కొడుతున్నన్నట్టు. కోయమను అన్నా."

కోసిండ్రు. మత్తు దిగంగనే "ఎవలు గెలిచిండ్రు?" అని అడిగింది.

"ఈ మచ్చ వరకు నువ్వే. మిగిలిన నోరు చూపిచ్చుకుంట ఉండాలె" అన్నది డాక్టరమ్మ.

ఇప్పుడు పొద్దుగాల మిశ్రీకి బదులు బుగ్గ పట్టుకొని లోపలోల్లతోని గుసగుస మాట్లాడుతది. మిశ్రీ రుద్దే తోటి బీడీ ఆడోల్లు చూసి పక్కున నవ్వుతరు. వాళ్ల నోర్లు తెరుసుకున్నప్పుడే, మెల్లగ ముందుకొంగి, ఒక్కొక్కరి బుగ్గ లోపలికి చూస్తది.