పేక ఎప్పుడు ఆడతారు?

మా కెజియా బడి మానేసి రెండేళ్లయింది. మానేసిందంటే నాలాగా కాదు. నేను ఏడో క్లాసు మధ్యలో గోడ దూకి వచ్చేసిన బాపతు. దాన్ని మేమే చేయి పట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాం. మూడో క్లాసులో రోజూ పొద్దున టై కట్టగానే వాంతి చేసుకునేది. వాళ్లమ్మ మార్త గుంటూరు బ్రాడీపేటలో ఓ క్లినిక్‌లో నర్సు. టై విప్పితే తగ్గిపోయే జబ్బని ఆవిడే కనిపెట్టింది. అప్పట్నుంచి లెక్కలు, ఇంగ్లీషు, లైబ్రరీ పుస్తకాలు, ఫోన్లో వీడియోలు ఆవిడవి. ఊళ్లు తిప్పి చూపించే డిపార్టుమెంటు నాది. నాది మిక్సీలు బాగుచేసే షాపు, శనివారం తాళం వేసినా అడిగేవాడు లేడు.

పత్తి చేను చూపించాను. ప్రత్తిపాడు వైపు మిరప కల్లం చూపించాను. ఫిబ్రవరిలో చీరాల వంతు వచ్చింది: పొద్దున మగ్గం, మధ్యాహ్నం వాడరేవులో సముద్రం. మార్త వాళ్ల క్లినిక్‌లో వైద్యం చేయించుకున్న రత్తమ్మ గారిది పేరాలలో నేత ఇల్లు. "పాపని తీసుకురండి, అన్నీ నేను చూపిస్తా" అని ఆవిడే ఫోన్ చేసి మరీ పిలిచారు.

బయల్దేరేముందు మార్త హెచ్చరించింది. "అది అడిగినదానికి సరిగ్గా చెప్పండి. మీ కామెడీ ఇంటికొచ్చాక చేసుకుందురు."

"నేను కామెడీ చేస్తానా?"

"అదుగో, మొదలైంది."

ఆరింటికి ఆటో ఎక్కాం, ఆరున్నరకి గుంటూరులో ప్యాసింజరు. జనరల్ టికెట్టే, ఎక్కువేం కాదు. తెనాలిలో బండి మారాలి. అక్కడ ముప్పావు గంట ఆగి ప్లాట్‌ఫాం మీద ఇడ్లీ తిన్నాం. మా వంతు వచ్చేసరికి చట్నీ నీళ్లయిపోయింది, కాబట్టి పిల్లలతో వెళ్లేవాళ్లు ఇంటి నుంచే ఏదైనా కట్టుకెళ్లడం మంచిది.

రెండో బండిలో మా ఎదురుగా గోంగూర కట్టల గంపతో ఒక పెద్దావిడ కూర్చుంది. కెజియా చేతిలో పుస్తకం చూసి, "ఏమ్మా, ఇయ్యాళ బడి లేదా?" అంది.

"ఇదే బడండీ. నేను హెడ్మాస్టర్ని," అన్నాను.

"ఎందాకా చదివావేంటి, హెడ్మాస్టరూ?"

"ఏడు. అదీ సగం."

"అయితే మిగతా సగం ఆ పిల్ల చేత చెప్పించుకో నాయనా!"

పెట్టె పెట్టంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

బాపట్ల దాటాక కెజియా పుస్తకంలోంచి తలెత్తింది. "డాడీ, మగ్గానికి పడుగు, పేక అని రెండుంటాయంట. పడుగంటే నిలువు దారాలు. పేకంటే? తర్వాత పేజీ చిరిగిపోయింది."

నాకు తెలియదు. ఆ మాట అంటే గోంగూర ఆవిడ మళ్లీ అందుకుంటుందని భయం. "పేకంటే పేకముక్కలే. పొద్దస్తమానం మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే విసుగు పుట్టదూ? మధ్యమధ్యలో ఓ ఆట వేస్తారు," అన్నాను ముఖం బిగించి.

అది బుద్ధిగా తలూపి నోట్‌బుక్కులో రాసుకుంది. చివర ఎప్పుడూ రాసే మాటే రాసింది: డాడీ చెప్పాడు.

తొమ్మిదిన్నరకి చీరాలలో దిగాం. పేరాలకి ఆటోలు స్టేషను బయటే దొరుకుతాయి. రత్తమ్మ గారింటి సందులోకి తిరగ్గానే మగ్గం చప్పుడు వినిపించింది. అరుగు మీద వాళ్లాయన రాట్నంతో కండెలకు దారం చుట్టుకుంటున్నారు. లోపల రెండు గుంటలున్నాయి. ఒకదాంట్లో రత్తమ్మ గారి మగ్గం, ముదురాకుపచ్చ చీర సగానికి వచ్చింది. రెండో గుంటలో పొయ్యి పుల్లలు పేర్చి ఉన్నాయి.

రత్తమ్మ గారు మా పిల్లని పక్కన కూర్చోబెట్టుకున్నారు. "అడుగు తల్లీ, ఏం కావాలో అడుగు."

కెజియా పెన్ను తీసింది. "అమ్మమ్మగారూ, మీరు పేక ఎప్పుడు ఆడతారు? పని మధ్యలోనా, అయిపోయాకా?"

మగ్గం ఆగింది. అరుగు మీద రాట్నం కూడా ఆగింది.

"ఎవరు చెప్పారే నీకు?"

"డాడీ చెప్పాడు."

ఆవిడ నా వైపు తిరిగారు. గొంతు బాగా తగ్గించారు, అరుగు దాకా వినపడకూడదని. "ఈయన పేకాటలో ఆ పక్క మగ్గం పోయిన సంగతి మార్తమ్మ గారి దగ్గర ఏడ్చి చెప్పుకున్నానయ్యా. ఆ ఒక్కరికే చెప్పుకున్నా. పసిపిల్ల దాకా తెచ్చారా?"

"లేదండీ, ఒట్టు. మార్త నాకేం చెప్పలేదు. పేకంటే ఏంటో తెలియక నేనే జోకేశాను."

"తెలియకపోతే తెలియదనాలి గానీ, జోకేంటి నాయనా!"

నమ్మారో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. పిల్ల మీద మాత్రం కోపం చూపించలేదు. పడుగు మధ్య అటూ ఇటూ తిరిగే నాడె దాని చేతిలో పెట్టి, "ఇదిగో, ఇందులో కండె ఉందా? దీంట్లోంచి అడ్డంగా పోయే దారమే పేక. పడుగొక్కటే ఉంటే గుడ్డ కాదమ్మా," అన్నారు. గంటసేపు ఓపిగ్గా చూపించారు. కెజియా చేత నాలుగు పోగులు నేయించారు కూడా. వచ్చేటప్పుడు వాళ్లాయనకి నమస్కారం పెట్టాను. ఆయన కండె మీద నుంచి చూపు తీయలేదు. "మార్తమ్మ గారిని అడిగానని చెప్పండి," అన్నారు రత్తమ్మ గారు. ఫోన్లో ఆ పేరు పలికినప్పటి తీపి అందులో లేదు.

పన్నెండున్నరకి షేరాటోలో వాడరేవు చేరాం. శనివారం కాబట్టి జనం బాగానే ఉన్నారు. ఒడ్డున పాక హోటల్లో చేపల పులుసు, అన్నం. పులుసు బాగుంది. ఇసుకలో వలల మీద చేపలు ఎండబెట్టారు, పడవలు ఒడ్డుకి లాగి ఉన్నాయి. మామూలుగా అయితే ఆ వల అల్లే మనిషి పని ఆగిపోయేదాకా మా పిల్ల ప్రశ్నలేసేది. ఆ రోజు ఒక్కటీ అడగలేదు. కాళ్లు తడుపుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. నోట్‌బుక్కు సంచిలోంచి తీయలేదు.

ఏడో క్లాసులో లెక్కల మాస్టారు అడిగినదానికి జవాబు రాక ఒక జోకేశాను. క్లాసంతా పడీపడీ నవ్వింది. జవాబు చెప్పినవాడికి కూడా అంత పేరు రాలేదు. ఆ రుచి మరిగాక ఇంక చదువుతో నాకేం పని?

నాలుగున్నరకి తిరుగు బండి. కిటికీ పక్కన సీట్లు దొరికాయి. పొన్నూరు వస్తుండగా కెజియా నోట్‌బుక్కు తీసి నా ఒళ్లో పెట్టింది, పైన ఎర్ర పెన్ను.

"ఏవి జోకులో కొట్టెయ్, డాడీ."

"నీకు తెలుసు కదరా ఏవి జోకులో."

"కొన్ని తెలుసు. గుంటూరు మిరపకాయలు తిని చేపలు ఏడ్చినందుకే సముద్రం ఉప్పగా ఉందన్నావు. అది జోకని అప్పుడే తెలుసు. పేక జోకని తెలియలేదు."

రెండేళ్ల పుస్తకం. మిర్చి యార్డులో ఎక్కువ తుమ్మినవాడికి కూలీ ఎక్కువ, డాడీ చెప్పాడు. కొట్టేశాను. పత్తి గింజ రాత్రిపూట నాటితేనే దూది తెల్లగా వస్తుంది, డాడీ చెప్పాడు. కొట్టేశాను. తెనాలి వచ్చేసరికి పేజీలు మిరప కల్లంలా ఎర్రబడ్డాయి. కొన్నిచోట్ల పెన్ను ఆగిపోయింది. అవి నిజమో నేను కల్పించినవో నాకే గుర్తులేదు. మార్త పిల్లకి చదువు చెబుతోంది, నేను దాని పక్కన కూర్చుని ఇది చేశాను. రత్తమ్మ గారి మాట ఇంటికెళ్లి మార్తకి ఎలా చెప్పాలో అప్పటికింకా తేల్చుకోలేదు.

పేరాల, వాడరేవు ఒక్క రోజులో హాయిగా చూడొచ్చు. పొద్దునే బయల్దేరితే చీకటి పడేసరికి ఇల్లు చేరతారు. నీళ్ల సీసా, టోపీ మరిచిపోకండి. నేత ఇళ్లకి వెళితే ఎక్కువ మాట్లాడే పని పిల్లలకి వదిలేయండి.

చేపల ఏడుపు దగ్గర కూడా ఎర్రగీత పెట్టి పుస్తకం ఇచ్చేశాను. అది ఆ గీత వైపే చూసింది.

"మరి సముద్రం నిజంగా ఎందుకు ఉప్పగా ఉంటుంది?"

నాలుక చివరిదాకా మూడు జవాబులొచ్చాయి. మూడూ నవ్వించేవే.

"తెలియదమ్మా."

అది నా ముఖంలోకి చూసింది, ఇదీ జోకేనా అన్నట్టు. తర్వాత పుస్తకం మోకాలి మీద పెట్టుకుని, బండి ఊపుకి అక్షరాలు వంకర్లు పోతున్నా, గీత కింద రాసింది: తెలియదు. డాడీ చెప్పాడు.