మునీరా ఇంటి కొత్త డిష్

మా పక్కింటి మునీరాకు చెవులు వినపడవు. పుట్టు చెవుడు కాదు. కూతురు రిహానా చంటిపిల్లగా ఉన్నప్పుడు మెదడువాపు జ్వరం వచ్చి, నెల్లూరు ఆస్పత్రిలో ప్రాణం మిగిలింది గానీ చెవులు మిగల్లేదు. ఎదుటి మనిషి పెదవులు చూసి మాట పట్టుకోవడం తనంతట తానే నేర్చుకుంది. ఉర్దూ అయినా తెలుగు అయినా ఆమెకు ఒకటే. ఉదయగిరి కొండ కింద మా వీధిలో చెక్క చెంచాలు, గరిటెలు చేసే ఇళ్ళు ఇంకా కొన్ని ఉన్నాయి. వాటిలో మునీరా చేతి నునుపు వేరు. పనిలో కూర్చుంటే పిలిచినా పలకదని కొత్తగా వచ్చినవాళ్ళు పొగరనుకుంటారు. భుజం మీద తట్టి, మొహం ఎదురుగా పెట్టి మాట్లాడాలని వాళ్ళకు నేనే చెబుతుంటాను.

ఆ ఇంట్లో ఒక అలవాటు ఉంది. మునీరాతో ఎవరూ గొంతు పెట్టి మాట్లాడరు. పెదవులు మాత్రం కదుపుతారు. మొగుడు మహబూబ్ సుభాని అంతే, రిహానా అంతే. బయట నుంచి చూస్తే టీవీకి సౌండు తీసేసినట్టు ఉంటుంది. ఇన్నేళ్ళ పొరుగుతో నాకూ అది అబ్బింది. మా ఆయన మీద ఒళ్ళు మండినప్పుడు అలాగే నాలుగు తిట్టేదాన్ని, పాపం ఆయనకు ఏమీ తెలిసేది కాదు. ఎదుటివాళ్ళ పెదవులు చదవడం మాత్రం నాకు రాలేదు. దానికి మునీరా కళ్ళే కావాలి.

రిహానా కబడ్డీ ఆడుతుంది. చిన్న ఆటగత్తె కాదు, రాష్ట్రం జట్టులో కూతకు వెళ్ళే పిల్ల. శిబిరంలో ఉన్నా రోజూ సాయంత్రం వీడియో కాల్ చేసేది. తల్లీకూతుళ్ళు ఫోన్ మధ్యలో పెట్టుకుని చప్పుడు లేకుండా గంటసేపు మాట్లాడుకునేవాళ్ళు. ఈ మధ్య ఆ కాల్ ఆగిపోయింది. "ప్రాక్టీసు, బిజీగా ఉన్నా" అని మెసేజ్ వస్తుంది, వాళ్ళ నాయన చదివి చెబుతాడు, అంతే.

"అక్కా, పిల్లకు ఏందో అయ్యుండాది" అంది మునీరా ఒకరోజు. ఆమె గొంతు ఎత్తుపల్లాలు లేకుండా ఒకేలా, కాస్త గట్టిగా ఉంటుంది. "బిజీ అయితే మొహం చూపించడానికి ఏం? ఒక్కసారి దాని నోరు చూస్తే నాకు తెలిసిపోతాది."

అనుమానం ఊరికే రాలేదు. ఇంతకుముందు వేలు బెణికితే కూడా రిహానా దాచిపెట్టింది. అది తెలిసి మునీరా కావలిలో టోర్నమెంటు మధ్యలోకి పోయి, పిల్లను చెయ్యిపట్టి బస్సెక్కించుకుని వచ్చింది. ఆ కోపం రిహానాకు చాలాకాలం పోలేదు.

ఇప్పుడు ఎక్కడో ఉత్తరాదిన జరిగే జాతీయ పోటీలు టీవీలో వేస్తున్నారు. మొదటి మ్యాచ్ అందరం కలిసి చూశాం. సుభాని ఇంట్లో టీవీ పెద్దదే, గోడకు తగిలించే పలక టీవీ. కానీ పాత కంపెనీ డిష్‌లో ఆ స్పోర్ట్స్ చానల్ మసకగా వస్తుంది. ఆడపిల్లల మొహాలు బియ్యప్పిండి అద్దినట్టు ఉన్నాయి. రిహానా తెర మీదికి వచ్చినప్పుడల్లా మునీరా లేచి దగ్గరికి పోయేది. దగ్గరికి పోయే కొద్దీ బొమ్మ చుక్కలు చుక్కలుగా విడిపోయేది. ఫోన్‌లో చూద్దామంటే మా వీధిలో నెట్టు గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, బొమ్మ వచ్చినా మనిషి చీమంత.

హెచ్‌డీ కావాలంది మునీరా. ఆ చానల్ హెచ్‌డీలో రావాలంటే కంపెనీ మారాలి, డిష్ మారాలి, బాక్సు మారాలి. ఫైనల్ ఆదివారం సాయంత్రం.

సుభాని మంచివాడు. వింజమూరు రూట్లో ఆటో తోలుతాడు, పెళ్ళాన్ని ఒక మాట అనడు. అలాంటివాడు ఈ డిష్ మాట ఎత్తితే చాలు, వంకల మీద వంకలు పెట్టాడు. పాత రీచార్జి ఇంకా ఉంది అన్నాడు. కొత్త కంపెనీ సిగ్నల్‌కు కొండ అడ్డం అన్నాడు. చివరికి కోతులు కొత్త డిష్‌ను విరగ్గొడతాయి అన్నాడు. పాత డిష్ మీద అవి ఊయల ఊగుతుంటే ఏనాడూ అదిలించని మనిషి!

నేను ఊరుకోలేదు. ఆత్మకూరులో డిష్‌లు బిగించే ముజఫర్‌కు సుభాని చేతనే ఫోన్ చేయించి, సుభాని పేరు మీదే కొత్త కనెక్షన్ రాయించాను. శనివారం వస్తానన్న ముజఫర్ రాలేదు. ఫోన్ ఎత్తలేదు. ఆదివారం మధ్యాహ్నం దాకా చూసి నేను ఆత్మకూరు బస్సెక్కాను.

ముజఫర్ అంగట్లోనే ఉన్నాడు, తీరిగ్గా టీ తాగుతున్నాడు. నేను ఒంటికాలి మీద లేచాను.

"ఏందయ్యా, ఒప్పుకున్న పని ఎగ్గొట్టి టీ తాగతా ఉండావా?"

"నన్నంటావేందమ్మా! మీ సుభాని భాయే ఫోన్ చేసినాడు. రాబాక, ఫైనల్ అయిపోయినాక, వచ్చే వారం చూద్దాం అన్నాడు."

పిసినారితనం అనుకున్నాను ఇన్నాళ్ళూ. పిసినారి అయితే వద్దంటాడు గానీ, ఫైనల్ అయ్యాక రమ్మంటాడా? ఏదో ఉంది.

"ఆయమ్మకు చెవులు వినపడవు ముజఫర్. బిడ్డ నోరు చూడాలని తపించిపోతా ఉండాది. ఈరోజు కాకుంటే ఇంకెందుకు నీ డిష్?" అన్నాను.

ముజఫర్ గ్లాసు పక్కన పెట్టి సామాను సర్దుకున్నాడు. అతని బండి మీదే, ఒళ్ళో కొత్త బాక్సు పెట్టుకుని, ఉదయగిరి దాకా వచ్చాను. దారిపొడవునా నాకు సుభాని మొహమే కళ్ళముందు.

మేం వచ్చేసరికి ఆటో ఇంటి ముందు లేదు. మునీరా గుమ్మంలో నిలబడి ఉంది. ముజఫర్ మిద్దె ఎక్కాడు. కొత్తదాన్ని పెట్టడానికి పాత డిష్ ఊడదీశాడు. ఇక ఇంట్లో మసక బొమ్మ కూడా లేదు. కొత్త డిష్ కొండ వైపు తిప్పాడు, ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. కింద టీవీలో సిగ్నల్ గీత లేచినట్టే లేచి పడిపోతోంది. మునీరా తెర చూస్తూ కిందినుంచి చెయ్యి ఊపుతోంది, నేను మెట్ల మీద నిలబడి "రాలేదు, రాలేదు" అని పైకి అరుస్తున్నాను. చివరికి పిట్టగోడ మూలకు మార్చితే సిగ్నల్ నిలబడింది. అప్పటికే మ్యాచ్ మొదలై ఉంటుంది.

అంతా అయింది అనుకుంటే ముజఫర్ తల గోక్కున్నాడు.

"కనెక్షన్ సుభాని భాయ్ పేరు మీద ఉండాది. ఓటీపీ ఆయన ఫోన్‌కే పోతాది. ఆ నంబరు కొడితేగానీ చానల్ తెరుచుకోదు."

సుభాని ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ. నాకు ఏడుపొచ్చేంత కోపం. అప్పుడు వీధి మలుపులో ఆటో కనిపించింది. వెళ్ళిపోవడానికి మనసు రాక, ఇంటికి రావడానికి ధైర్యం లేక, అక్కడే ఆపుకుని కూర్చున్నాడు మహానుభావుడు. మునీరా చెప్పులు కూడా లేకుండా పోయి అతని ఎదురుగా నిలబడింది. నేనూ వెనకే పోయాను. సుభాని చేతిలో ఫోన్ వెలుగుతోంది. నంబరు వచ్చేసింది.

"ఇవ్వు" అంది.

"రేపు చూద్దాం" అన్నట్టు చెయ్యి ఊపుతూ పెదవులు కదిపాడు.

"నా బిడ్డను నేను చూడకూడదా?"

వీధంతా వినపడేలా అడిగింది. సుభాని ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. తల వంచుకునే ఫోన్ చేతిలో పెట్టాడు.

సుభాని కూడా మా వెనకే లోపలికి వచ్చాడు. ముజఫర్ ఆ నంబరు కొట్టాడు. తెర కాసేపు నల్లగా ఉండి, ఒక్కసారిగా విచ్చుకుంది. నిజం చెప్పాలి, నేను ఉలిక్కిపడ్డాను. చాప మీద గీతలు, ఆడపిల్లల నుదుటి మీద చెమట, జడలకు పెట్టుకున్న పిన్నులు, అన్నీ మన ఇంటి ముంగిట్లో ఉన్నట్టున్నాయి. అదిగో రిహానా. కుడి మోకాలికి మందంగా పట్టీ. మసక బొమ్మలో అది మాకు కనపడనే లేదు.

మునీరా టీవీకి జానెడు దూరంలో కూర్చుంది. "పళ్ళు బిగబట్టింది" అంది.

సగం ఆట అయింది. ఆటగత్తెలు గుంపుగా నీళ్ళు తాగుతున్నారు. రిహానా పక్కన వింజమూరు పిల్ల చైత్ర కూర్చుంది. వాళ్ళిద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు. మాకు వినపడేది వ్యాఖ్యాత గొంతు, జనం కేకలు. మునీరా ఆ పెదవుల్ని చూస్తూ, చూసింది చూసినట్టు బయటికి చెప్పసాగింది.

"సూది వేయించుకున్నా పని చెయ్యడం లేదు చైత్రా… అంటా ఉండాది. మళ్ళీ మెలిపడితే ఆపరేషనే అన్నాడు డాక్టరు… ఎవురికీ చెప్పబాక." ఆగింది. ఆ తరువాతి మాట మరీ చదునుగా వచ్చింది. "మా అమ్మకు అసలు తెలియకూడదు, అంటా ఉండాది."

మునీరా వెనక్కి తిరిగింది.

"నీకు తెలుసు" అంది మొగుడితో.

సుభాని ఈసారి గొంతుతోనే మాట్లాడాడు, అలవాటు మరిచిపోయి. "శిబిరంలో పడింది. మోకాలు లోపల నరం తెగిందంట. ఫోన్ చేసి ఒకటే ఏడుపు. అమ్మకు చెప్తే కావలిలో మాదిరి లాక్కొని వస్తాది నాయనా, ఫైనల్ దాకా ఆగు అనింది. నేను ఏం చెయ్యాల? పాత డిష్ అయితే నీకు దాని నోరు కనపడదు గదా అనుకున్నా."

కొట్టాలనిపించింది నాకు అతన్ని. అతని కళ్ళు చూశాక మనసు రాలేదు.

"మేడంకు ఫోన్ చెయ్యి, ఆపమను" అంది మునీరా. జట్టు మేనేజర్ సుస్మిత మేడం నంబరు సుభాని దగ్గర ఉంది. చేశాడు. ఎత్తలేదు. ఆట మళ్ళీ మొదలైంది. ఎదుటి జట్టు ముందంజలో ఉంది. రిహానా కూతకు లేచింది. సుభాని చేతిలో ఫోన్ మోగుతూనే ఉంది, తెర మీద రిహానా గీత దాటింది. ఒకర్ని తాకింది. వెనక్కి తిరిగే ఊపులో కుడికాలు మెలిపడింది. అంత స్పష్టంగా చూడాల్సింది కాదు మేం. మోకాలు ఒకవైపు, పాదం ఒకవైపు తిరగడం ఆ హెచ్‌డీలో కళ్ళకు కట్టింది. కుప్పకూలింది. నేను కెవ్వున అరిచాను. మునీరా అరవలేదు.

ఇద్దరు పట్టుకుని బయటికి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. ఐసు పెట్టారు. కెమెరా ఆ పిల్ల మీదే ఉంది. చిన్న గాయమే, మళ్ళీ వస్తుంది చూడండి అని వ్యాఖ్యాత హుషారుగా చెబుతున్నాడు. రిహానా మేడం వైపు తిరిగి నవ్వుతూ ఏదో అంది.

"ఏం లేదు మేడం, కట్టు కట్టండి, పోతాను, అంటా ఉండాది" అంది మునీరా. "అబద్ధం. నవ్వు చూడు, ఎట్ట వణకతా ఉండాదో."

అప్పుడు ఎత్తింది మేడం ఫోన్. సుభాని ఫోన్ చెవికి ఆనించుకోబోయాడు. నేను లాక్కున్నాను. ఏం చెప్పాలో అర్థంకాక మునీరా వైపు చూశాను.

"కొత్త డిష్ వచ్చిందని పిల్లకు చెప్పమను అక్కా" అంది మునీరా. "నువ్వు అనేదంతా మీ అమ్మకు కనపడతా ఉండాదని చెప్పు. తిట్టదని చెప్పు."

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తెర మీద సుస్మిత మేడం ఫోన్ చెవికి ఆనించుకుని వంగడం కనిపించింది. రిహానా చెవిలో ఏదో చెప్పింది. ఆ పిల్ల మొహంలో నవ్వు చెరిగిపోయింది. తలెత్తి అటూ ఇటూ వెతికింది. ఒక్కక్షణం తరువాత కెమెరా ఎక్కడుందో కనిపెట్టి, సూటిగా మా వైపు చూసింది. అంత జనంలో, అంత గోలలో, ఆ పెదవులు నెమ్మదిగా కదిలాయి. గొంతు లేదు. ఇంట్లో తల్లితో మాట్లాడినట్టే.

"ఏమంటా ఉండాది?" అన్నాడు సుభాని. అతనికి కళ్ళు మసకేసి ఏమీ కనపడటం లేదు.

మునీరా తెర మీద బిడ్డ బుగ్గ దగ్గర వేలు పెట్టి నిలబడిపోయింది.

"నొప్పిగా ఉండాదంట" అంది. "నొప్పిగా ఉండాది అమ్మీ, వచ్చి నన్ను తీసకపో, అంటా ఉండాది."

అంతవరకు ఒక్క చుక్క కార్చని మనిషి అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు ఎంత గట్టిగా వచ్చిందో ఆమెకు తెలియదు, వీధి వీధంతా బయటికొచ్చి నిలబడింది. ఫైనల్ ఎవరు గెలిచారో మేం చూడలేదు. నెల్లూరు పోయి రైలెక్కడానికి సుభాని అప్పటికే ఆటో స్టార్టు చేశాడు.